రెండు మొక్కుబడుల ఇల్లు

పోయినవారం మనం సుసన్నను వంటింటి గుమ్మంలో, చేతిలో చారు గరిటెతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ గరిటె ఆమె ఇంకా దించలేదు. దించమని చెప్పే తీరిక ఎవరికీ లేదు. సెంటినరీ కాలనీలోని ఆ క్వార్టర్‌లో శనివారం మధ్యాహ్నం అందరి కళ్లూ ఆమె భర్త స్తెఫను మీదే ఉన్నాయి.

స్తెఫను బొగ్గుబాయి ఉద్యోగం నుంచి దిగిపోయి నెల కూడా కాలేదు. సెటిల్మెంట్ సొమ్ము బ్యాంకులో పడింది. క్వార్టర్ ఖాళీ చేసి కంపెనీకి అప్పగించాలి. గోదావరిఖనిలో సదానందం అమ్మజూపిన రెండు పోర్షన్ల ఇంటికి సోమవారం బయానా ఇస్తామని మాట అయింది. ఇంతవరకూ బండి సాఫీగానే నడిచింది. అప్పుడు స్తెఫను అన్నం పళ్లెం పక్కకు జరిపి, "ఆ పైసలు మనయి కావు" అన్నాడు. ఏళ్ల కిందట బాయిలో పైకప్పు కూలి బొగ్గు కింద ఇరుక్కున్నప్పుడు, బతికి బయటపడితే దిగిపోయిన నాడు వచ్చే సొమ్మంతా దేవుని మందిరానికే అని మొక్కుకున్నాడట. రేపు ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పి, సంఘం ముందు ఆ సంగతి ప్రకటిస్తాడట.

ఇన్నేళ్లు కాపురం చేసిన భార్యకు ఆ మాట అప్పటిదాకా తెలియదు.

ముందుగా తేరుకుంది కూతురు ఫెబా. పెద్దపల్లిలో బ్యాంకు ఉద్యోగం ఆమెది. తల్లిదండ్రుల ముసలితనానికి ఏ లోటూ రాకుండా ఎక్కడెంత పెట్టాలో నెల రోజులు కూర్చుని ఆలోచించిన పిల్ల.

"బాపూ, దశమభాగం నేను ముందుగాలనే తీసి పక్కకు పెట్టిన. మొదటి పాలు దేవునిదని నువ్వే నేర్పినవు గద. నీ మోకాళ్ల ఆపరేషన్‌కు ఇంత, నెలనెలా చేతికొచ్చేటందుకు ఇంత, ఇంటికింత. గిట్ల చేస్తే దేవుడు వద్దంటడా?"

"దశమభాగం జీతంల నుంచి ప్రతి నెలా ఇచ్చిన బిడ్డా. అది అలవాటు. ఇది మొక్కు. పాణం పోతుంటే అన్న మాట. పాణం తిరిగొచ్చినంక బేరం జేస్తరా?"

గోడవారన కుర్చీలో రాయమల్లు ఉన్నాడు. స్తెఫనుతో ఒకే రోజు బాయిలో చేరినవాడు, ఆ కూలిన కప్పు కింద అతనితోపాటు చిక్కుకుని బయటపడినవాడు. ఇవాళ భోజనానికి పిలిస్తే వచ్చాడు. ఇంట్లో గాలి బిగుసుకుపోవడం అతనికి నచ్చలేదు.

"మొక్కులంటే నన్నడుగు తమ్మీ. నేను గూడ మొక్కిన, సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తనని." జాతరలో మనిషి బరువుకు జోకి, అంటే తూచి, తల్లికిచ్చే బెల్లాన్నే ఇక్కడివాళ్లు బంగారం అంటారు. "దవాఖానల పండి పండి బక్కగై బొక్కలు దేలి ఉన్న. ఆ యేడే పోయి నా ఎత్తు జోకిచ్చిన. అగ్గువల పడ్డది. తల్లి గూడ ఏమనలే. నువ్వు గిన్నేండ్లు ఆగినవు, సూడు, ఎంత బరువైందో."

మామూలు రోజైతే స్తెఫను పడీ పడీ నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు. సుసన్నకు మాత్రం ఆ బరువు అన్న మాట దగ్గర ఏదో తెగింది. గరిటె గిన్నెలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది.

ఆమె సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. రెండు పోర్షన్ల ఇల్లే కావాలని ఆమె పట్టుబట్టినప్పుడు కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది. ఉన్నది మొగుడూ పెళ్లాం. ఫెబాకు పెద్దపల్లిలో తన కాపురం తనకుంది. సదానందం దగ్గరే ఇంకో ఇల్లుంది, ఒకటే పోర్షన్, కొత్తది, చవక. దాని వైపు ఆమె కన్నెత్తి చూడలేదు. అద్దెల మీద ఆశ అన్నారు వాడకట్టు ఆడవాళ్లు. స్తెఫను కూడా ఒకసారి పాస్టరుగారి ముందు, "మా ఇంటామెకు కిరాయిల యావ మొదలైందయ్యగారూ" అని నవ్వుతూ అనేశాడు. ఆ రాత్రి ఆమె ఏడ్చింది. జవాబు మాత్రం చెప్పలేదు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకుంది, దాన్ని గట్టిగా నమ్మింది.

ఇవాళ ఆ నమ్మకాన్ని గడప అవతల పెట్టింది.

"ఆ దినం నువ్వొక్కనివే మొక్కలే. నేను గూడ మొక్కిన."

స్తెఫను తలెత్తాడు.

"ప్రమాదం కూత మోగంగనే బాయికాడికి ఉరికొచ్చిన. జమున గూడ ఉరికొచ్చింది. మీతోని బాయిల పనిజేసే మొగిలి పెండ్లాం. లోపల ఎవరున్నరో, ఎవరు పోయిన్రో ఎవ్వలు చెప్తలేరు. నేను, జమున ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోని నిలబడ్డం. ఆమె చేతుల నా చెయ్యి, నా చేతుల ఆమె చెయ్యి. ఎంతసేపో తెల్వదు. అప్పుడు మొదటి స్ట్రెచర్ తెచ్చిన్రు. నీ బూటు కనబడ్డది. నేను కుట్టించిన మాసిక కనబడ్డది. నేనేం జేసిన్నో ఎరుకేనా?"

సుసన్న కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది.

"ఆమె చెయ్యి ఇడిసిపెట్టిన. ఇడిసిపెట్టి నీ ఎంబడి ఉరికిన. ఎనుకకు సూడలే. నీ తర్వాత రాయమల్లన్నను తెచ్చిన్రు. ఆ తర్వాత మొగిలిని బట్ట కప్పి తెచ్చిన్రట. అప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకునేటందుకు పక్కన మనిషి లేదు."

నీళ్లు తాగమని ఫెబా గ్లాసు అందించబోతే సుసన్న వద్దంది.

"దవాఖాన వరండల మోకాళ్ల మీద కూసొని మొక్కిన. ప్రభువా, నా మనిషిని నాకిచ్చినవు, నాకు సొంత కప్పు అంటూ దొరికిన్నాడు దాని కింద జమునకు చోటిస్త అని. రెండో పోర్షన్ కిరాయికి గాదయ్యా. ఆమెకు."

మొగిలి చనిపోయాక వచ్చిన ఉద్యోగం, వదినను చూసుకుంటానని పెద్దల ముందు మాటిచ్చిన మరిదికి పోయింది. మాట మూడేళ్లు కూడా నిలవలేదు. జమున ఇప్పుడు బసంత్‌నగర్‌లో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, బడిలో మధ్యాహ్న భోజనం వండుతూ బతుకుతోంది. ఇది అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఇప్పుడు సుసన్న చెప్పింది.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు స్తెఫను.

"చెప్పిన. అదే రాత్రి, దవాఖానల, నీ చెవుల చెప్పిన. ఊఁ అన్నవు." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "పెండ్లయిన ఆడది మొక్కుకుంటే, మొగడు ఇన్న దినాన కాదనకపోతే ఆ మొక్కు నిలుస్తది. ధర్మశాస్త్రంల ఉన్నది. స్త్రీల కూడికల నువ్వే వివరంగ చెప్పినవు. నువ్వు కాదనలే. ఊఁ అన్నవు. ఇగ ఆ పైసలు నువ్వెట్ల వేరే మొక్కుకు ఇస్తవు?"

వాక్యం విషయంలో, సంఘ పెద్ద కూడా అయిన భర్తకు ఎదురు నిలిచి మాట్లాడటం ఆమె జన్మలో ఇదే మొదలు. గెలిచానని కూడా అనుకుంది, ఒక్క క్షణం.

స్తెఫనుకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"సుసన్నా, ఆ రాత్రి నాకు సూదులిచ్చి పండబెట్టిన్రు. సోయి లేదు. నువ్వొచ్చింది తెల్వదు, చెప్పింది తెల్వదు. ఊఁ అన్నది నీ మాటకు గాదు. నేను వినలే." కళ్లెత్తి ఆమెను చూశాడు. "ఇయ్యాల్నే విన్న."

అర్థం కావడానికి సుసన్నకు కొంచెం సమయం పట్టింది. భర్త విన్న దినాన కాదంటే భార్య మొక్కు కొట్టుకుపోతుంది, దేవుడు ఆమెను క్షమిస్తాడు. అదీ ఆ వాక్యంలో రెండో సగం. విన్న దినం ఇవాళే అయితే కాదనే హక్కు అతనికి ఇవాళ ఉంది. ఆ హక్కును తన నోటితో తనే తెచ్చి చేతిలో పెట్టింది.

"పొద్దుగూకేదాక ఉన్నది నాకు" అన్నాడు స్తెఫను.

ఫెబా లేచి నిలబడింది. "ఏంది బాపూ ఇది? ఖాతా ఇద్దరి పేరు మీద ఉన్నది. అమ్మ సంతకం లేకుంట ఒక్క పైస కదలది. గంతే చాలు."

"నువ్వూకో బిడ్డా" అంది సుసన్న. "సంతకం ఆపుకోని గెలిచుడు నాకొద్దు. దేవుని ముంగట తేలని ముచ్చట బ్యాంకుల తేలితే ఏం ఫాయిదా? ఆయన కాదంటే నేను సంతకం పెడ్త."

స్తెఫను చెప్పులు వేసుకున్నాడు. మోపెడ్ బయటికి తీశాడు. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి మధ్యాహ్నం ఎలా గడిచిందో సుసన్ననే అడగాలి. తోమిన గిన్నెలు మళ్లీ తోమింది. ఉతికి ఆరేసిన చీర తీసి, తడి ఆరలేదని మళ్లీ ఆరేసింది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి, కిటికీ రెక్కలు, షెల్ఫులో స్టీలు గ్లాసులు గలగలమంటే రోజూ పట్టించుకోని మనిషి ఇవాళ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది. స్తెఫను ఫోనుకు ఫెబా నాలుగుసార్లు చేసింది. స్విచాఫ్.

రాత్రి వంటకు బియ్యం కొలిచింది. అలవాటుగా ఒక గుప్పెడు తీసి గుడికిచ్చే పిడికెడు బియ్యం డబ్బాలో వేసింది. ఇంకో గుప్పెడు తీసి, పక్కనున్న రెండో డబ్బా మూత తెరిచి, ఆగిపోయింది. ఫెబా చూస్తూనే ఉంది. ఈ రెండో డబ్బాను చిన్నప్పటి నుంచీ చూస్తోంది, ఎవరికని ఒక్కనాడూ అడగలేదు.

"జమున చిన్నమ్మకా?" అంది.

సుసన్న తల ఊపింది. ఆ గుప్పెడు డబ్బాలో వేసి మూత పెట్టింది. ఫెబా వచ్చి తల్లి భుజం మీద తల ఆనించింది.

మంచం మీద కూర్చుని సుసన్న ప్రార్థన చేయబోయింది. మాటలు కుదరలేదు. నీ చిత్తమే జరగనీ అనాలి, నోరు రాలేదు. చివరికి లోపల్నుంచి వచ్చిన ప్రార్థన ఏమిటంటే, ప్రభువా, ఆయన బండి పంచర్ కానీ. అది అనుకున్నాక ఆమెకే సిగ్గేసింది. మోకాలి నొప్పుల మనిషి ఎర్రటి ఎండలో బండి నెట్టుకుంటూ రావడం కళ్ల ముందు కదిలింది. పంచర్ వద్దులే అని దేవునికి మళ్లీ చెప్పింది.

రాయమల్లు ఇంటికి పోలేదు. ముంగిట్లో అరుగు మీద కూర్చుని బీడీ వేళ్ల మధ్య తిప్పుతున్నాడు, వెలిగించడం లేదు. మధ్యాహ్నం జోకులేసిన మనిషి ఇతనేనా అన్నట్టుంది.

"అన్నా, ఆయన ఎటు పోయిండంటవు? పాస్టరయ్యగారి తానికా?"

"బండి మలిపింది బసంత్‌నగర్ తొవ్వకు చెల్లె." రాయమల్లు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "ఆడికెందుకు పోయిండో. పోకుంటె మంచిగుండు."

ఎందుకు మంచిదో సుసన్న అడగలేదు. ఆమె చూపంతా ఆకాశం మీదుంది. ఓపెన్‌కాస్టు తవ్వి పోసిన మట్టి కాలనీకి పడమర కొండంత కుప్పయింది. అందుకే ఇక్కడ పొద్దు మిగతా ఊళ్లకన్నా ముందే మాయమవుతుంది. ఇవాళ కూడా ఎర్రటి పొద్దు కుప్ప అంచు మీదికి దిగి, సగమై, లేకుండా పోయింది.

"గూకింది" అంది సుసన్న. రెండు చేతులూ జోడించింది. "ఆయన కాదనలే. నా మొక్కు నిలిచింది."

"కుప్ప ఎనుకకు పోయిందమ్మా, అంతే" అంది ఫెబా మెల్లగా. "ఇంక వెలుగున్నది సూడు."

నిజమే. ఆకాశంలో ఇంకా వెలుగుంది. వీధిలో పిల్లలు ఇంకా బంతి ఆడుతున్నారు. దేవుడు పొద్దును ఎక్కడి నుంచి చూస్తాడో, కుప్పకు ఇవతల నుంచో, అవతల నుంచో సుసన్నకు తెలియలేదు. అప్పుడే మలుపులో మోపెడ్ చప్పుడు వినపడింది.

స్తెఫను ఒక్కడే రాలేదు. వెనక సీటు మీద నుంచి జమున దిగింది. వంట పొగకు మాసిన చీర, గబగబా ముడేసిన జుట్టు. పొయ్యి దగ్గర నుంచి లేచి అలాగే వచ్చేసినట్టుంది.

"సుసన్నా" అన్నాడు స్తెఫను, బండి స్టాండు కూడా వేయకముందే.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అనకు. జెర ఆగు. చీకటి పడనియ్యి, నీ కాళ్లు మొక్కుత."

"కాదందామనే బయలెల్లిన" అన్నాడు. "అయితే ఎవరి కోసం మొక్కినవో ఆమె ముఖం మీద చెప్పకుంట కాదనుడు దొంగతనం లెక్క అనిపించింది. గందుకే పోయిన. చెప్పిన. మా ఇంటామె నీకు ఇల్లిస్తనని మొక్కిందట, నేను కొట్టేయబోతున్న, మనసుల పెట్టుకోకు అన్న."

"నువ్వేమన్నవు జమునా?" అంది సుసన్న.

జమున చెప్పుల వంక చూస్తూ అంది. "నాకు ఇల్లెందుకక్కా. ఒక్కటే అడిగిన. అన్నా, లోపల మా ఆయన ఆఖరికి ఏమన్న మాట్లాడిండా అని. ఇన్నేండ్లు ఎవ్వలు చెప్పలే. అక్కడికక్కడే పోయిండు, బాధ పడలే అన్నరు. నాకెందుకో నమ్మబుద్ధి కాలే."

అక్కడికక్కడే పోయాడని చెప్పింది స్తెఫను. ప్రతి సంవత్సరం, మొగిలి మాట వచ్చిన ప్రతిసారీ అదే చెప్పాడు. సుసన్న ఆ మాటనే జమునకు ఓదార్పుగా చాలాసార్లు చెప్పింది.

స్తెఫను అరుగు అంచున కూలబడ్డాడు. సంఘంలో గంటసేపు గుక్క తిప్పుకోకుండా ప్రార్థన చేసే మనిషికి మాట కోసం తడుముకోవాల్సి వచ్చింది.

"అక్కడికక్కడ పోలే. నా పక్కపొంటే ఉండె. నడుం దాక బొగ్గు పెళ్ల. చీకటి. 'అన్నా, జమునను ఇడువకుండ్రి' అన్నడు. నేను ఊఁ అన్న. జెరసేపు ఆగి మల్ల అడిగిండు. ఊఁ అన్న. గొంతు ఆగేదాక అడుగుతనే ఉన్నడు. నేను ఊఁ అంటనే ఉన్న."

జమున గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. దవాఖానలో, సూది మత్తులో, ఆ రాత్రి స్తెఫను తన చెవి పక్కన అన్న ఊఁ ఎవరికో సుసన్నకు ఇప్పుడు తెలిసింది. అతను అప్పటికింకా ఆ చీకట్లోనే ఉన్నాడు. మొగిలికి జవాబిస్తూనే ఉన్నాడు.

"మరి బయటికొచ్చినంక ఎందుకు చెప్పలే బాపూ?" ఫెబా ఏడుస్తూ అడిగింది.

"చెప్తే తెల్లారి నుంచే ఆమెను సూసుకోవాలె గద బిడ్డా. అప్పుడు నీ సదువు, మా చెల్లె పెండ్లి, నా కాలు. దేవునికి మొక్కింది దిగిపోయిన్నాటి ముచ్చట, అది దూరముండె. మొగిలికిచ్చింది దగ్గర. దూరముండేదాన్ని పట్టుకున్న. గొప్ప భక్తి అనుకున్న." తల పట్టుకున్నాడు. "జమున అడిగినంక నోరెట్ల మెదులుతది? అందుకే మీ అందరి ముంగట చెప్దామని తోలుకొచ్చిన."

సుసన్న వెళ్లి జమున చెయ్యి పట్టుకుంది. ఆనాడు వదిలేసిన చెయ్యే. వంట చేసి చేసి గట్టిపడింది. జమున వేళ్లు మొదట కదల్లేదు. తర్వాత గట్టిగా బిగుసుకున్నాయి.

వీధి దీపాలు వెలిగాయి. ఆడుతున్న పిల్లలను తల్లులు లోపలికి పిలుస్తున్నారు. సుసన్న ఆకాశం చూసింది. కుప్పకు ఇవతలా అవతలా అంతా చీకటే. స్తెఫను కాదనలేదు.

అంటే ఆమె మొక్కు నిలిచింది. అతని మొక్కు కూడా కొట్టుకుపోలేదు. సొమ్ము మాత్రం ఒకటే, తెల్లారితే ఆదివారం.

"ఏది ముందు?" అంది సుసన్న.

"ఏందీ?"

"మొగిలికి ఊఁ అన్నది ముందా, దేవునికి అంతా ఇస్తనన్నది ముందా? ముందుగాల ఒకరికిచ్చిన మాటను తీస్కపోయి దేవునికి మొక్కితే దేవుడు తీసుకోడు. నువ్వే చెప్పు, తీసుకుంటడా?"

స్తెఫను కళ్లు గట్టిగా మూసుకుని లోపలికి, ఆ చీకట్లోకి వెళ్లి వెతికినట్టు కనిపించాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

"యాదికొస్తలే సుసన్నా. అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి ఆడ. కాని నాకు నడుమ నడుమ సోయి పోయింది. సోయి పోకుంట మొదటి నుంచి ఆఖరి దాక అన్నీ విన్న మనిషి ఒక్కడే ఉన్నడు."

అందరూ అరుగు మీద రాయమల్లు కూర్చున్న వైపు తిరిగారు. ఆ చోటు ఖాళీగా ఉంది. వెలిగించని బీడీ కింద పడి ఉంది. రాయమల్లు అప్పటికే గేటు దాకా వెళ్లాడు. ఒక కాలు బయట ఉంది.

"అన్నా" అంది సుసన్న.

అతను వెనక్కి తిరగలేదు. "నన్నడుగకుండ్రి. మీ కాళ్లకు దండం. స్తెఫనా, నేను నోరిప్పితే రేపు నువ్వు గుడిల నిలబడలేవు."

జమున సుసన్న చెయ్యి నెమ్మదిగా విడిపించుకుంది. ఎవరి వంకా చూడకుండా ముంగిలి దాటి వెళ్లింది. రాయమల్లును భుజం పట్టి లోపలికి జరిపి, గేటుకు గొళ్లెం పెట్టింది.

"కూసో అన్నా" అంది.